వణకని మూడు కాళ్ళు

బంగారం విషయంలో నన్ను ఎవరూ మోసం చేయలేరు. ఆత్మకూరులో మాది తాతల నాటి నగల అంగడి. గీటురాయి మీద ఒక్క గీత చాలు, సరుకు సంగతి చెప్పేస్తాను. అలాంటి నేను ట్రైపాడ్ల విషయంలో మాత్రం ఎవరేం చెబితే దానికల్లా తల ఊపాను. పోయిన చలికాలమంతా ఏం చేశావని ఎవరైనా అడిగితే, కెమెరాకు మూడు గట్టి కాళ్ళు వెతుక్కున్నానని చెప్పాలి. అంతకంటే తెలివైన పని ఏదీ చేసినట్టు గుర్తులేదు.

పక్షుల పిచ్చి నాకు యాభై దాటాక పట్టింది. ఒకసారి చుట్టాలకు వెలుగోడు రిజర్వాయరు చూపించడానికి తీసుకుపోయాను. వాళ్ళంతా కట్ట మీద నిలబడి ఫోటోలు దిగుతుంటే, నీళ్ళ మధ్య ఎండు మోడు మీద చేపను తింటున్న ఒక గద్ద నా కంట పడింది. దాన్ని కొరమీను గద్ద అంటారని తర్వాత తెలిసింది. చలికాలంలో ఎక్కడినుంచో వస్తుంది, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతుంది. దాని కన్ను కనబడేంత స్పష్టంగా ఒక్క ఫోటో తీయాలని నాకు కోరిక పుట్టింది. మోడు చాలా దూరం. అందుకని మోచేతి పొడవున్న లెన్సు కొన్నాను. మా ఇంటావిడ దాన్ని ఎగాదిగా చూసి, "గద్దను ఫోటో తీస్తారా, కాల్చేస్తారా?" అని అడిగింది.

ఆ గద్దకు తొందర లేదు. చేపను కాళ్ళ కింద అదిమిపెట్టుకుని తీరిగ్గా తింటుంది. నగలు కొనడానికి వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళను చూశాను కానీ అంత నిదానం వాళ్ళలో కూడా లేదు. అయినా నా ఫోటోల్లో దానికి రెండు ముక్కులు వచ్చేవి. ఒక్కోసారి చేపకు కూడా రెండు తోకలు.

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. నగను కాటా మీద పెట్టగానే మేము రెండు చేతులూ ఎత్తి, అరచేతులు కొనేవాళ్ళకు కనబడేలా చూపిస్తాం. కాటాకు మా వేలు తగల్లేదని వాళ్ళకు నమ్మకం కుదరాలి. మా నాయన నాకు నేర్పిన మొదటి పని ఇదే. 'చేతులు తీయప్పా' అని వాళ్ళచేత అనిపించుకుంటే పరువు పోయినట్టే, అడగకముందే తీయాలి అనేవాడు. దసరాకు ముందు ఒకరోజు, మనవరాలి కోసం కమ్మలు కొనడానికి వచ్చిన ఒక పెద్దామె ఎదుట అలాగే చేతులెత్తాను. కుడిచేతి వేళ్ళు సన్నగా కదులుతున్నాయి. ఆమె కాటా మీది అంకెను చూడటం మాని నా చేతిని చూసింది.

"బాగుండావా నాయనా?" అంది.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదవ్వా," అన్నాను. నిజానికి ఆ పొద్దున నేను మూడు దోసెలు తిని వచ్చాను.

అప్పటినుంచి చేతులు ఎత్తినంత వేగంగా దించి ఒళ్ళో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. చేయి వణికేవాడిని కాటా ముందు ఎవరు కూర్చోనిస్తారు? కూర్చున్నా, ఆ తూకాన్ని ఎవరు నమ్ముతారు? కాబట్టి ఫోటో మసకగా వచ్చిన ప్రతిసారీ నాకు కావలసిన జవాబు ఒక్కటే. వణికింది స్టాండు, నేను కాదు. నీ ట్రైపాడ్ పనికిరాదని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో చక్కెర పోయాలనిపించేది.

ఆ చక్కెర మొదట దక్కింది మా వీధి చివర ఫోటో స్టూడియో ఆయనకు. "ఏమప్పా, ఇంత లెన్సు తీసుకొనిపోయి ఈ పుల్లల మీద నిలబెడ్తాండావు? నడుమ రాడ్డు పైకి లేపినావు సూడు, ఆడ్నే ఊగుతాండాది," అన్నాడు. పెళ్ళిళ్ళలో వీడియో తీసే తన స్టాండు ఇచ్చి పంపాడు. మోసుకుపోయేసరికి భుజం దిగిపోయింది. ఫోటోలు మాత్రం అలాగే వచ్చాయి. తిరిగి ఇస్తూ ఆ మాటే చెప్పాను.

"అది వీడియోకు శానా బాగుంటాది. ఫోటోకు కాదులే," అన్నాడు.

"ఇచ్చేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగల్యా కదప్పా."

ఆ తర్వాత ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అదే నేను చేసిన పొరపాటు. ఒకాయన బరువైన స్టాండు కొనమన్నాడు. ఇంకొకాయన బరువుది మోయలేక ఇంట్లో పెడతావు, తేలికది కొనమన్నాడు. నా లెన్సులోనే చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉందట. స్టాండు మీద పెట్టినప్పుడు దాన్ని ఆపేయమని ఒకరు, ఆపితే చెడిపోతావని ఒకరు. ఆ మీట పక్కన బొమ్మ వేసి ఉంది, వణికే చెయ్యి బొమ్మ. దాన్ని చూసినప్పుడల్లా కంపెనీవాడికి నా సంగతి ఎవరు చెప్పారా అని ఒళ్ళు మండేది. ఒకరోజు ఆపాను, ఒకరోజు ఆన్ చేశాను. గద్దకు రెండు రోజులూ రెండు ముక్కులే.

చివరికి కర్నూలు పోయాను. అక్కడ కెమెరాల అంగట్లో ట్రైపాడ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అంగడాయన నా లెన్సును చేత్తో ఎత్తి చూసి, "దీనికి మామూలువి ఆనవప్పా," అని రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి అల్యూమినియంది, బరువు. ఇంకొకటి కార్బన్‌ది, దాంట్లో సగం కూడా తూగదు, ధర మాత్రం ఎన్నో రెట్లు.

"తేలిగ్గా ఉండాది కదా, ఇది ఎట్ల గట్టిది?" అన్నాను.

"వణుకును తాగేస్తాదప్పా ఇది. ఇనుము మాదిరి మోగుతా ఉండదు."

నాకు బుర్ర తిరిగింది. బరువు తక్కువదానికి ఎక్కువ ధర చెప్పేవాడిని మా బజారులో ఏమంటారో ఆయనకు చెప్పలేదు. పెట్టె మీద ఎన్ని కిలోలు మోస్తుందో అచ్చువేసి ఉంది. అంత బరువు మోసేదైతే మా ఇంటావిడను కూడా కూర్చోబెట్టవచ్చు కదా, చాలదా అన్నాను. "ఆ అంకె నమ్మొద్దప్పా. ఒక్కోడు ఒక్కో మాదిరి ఏస్తాడు. మోసేది వేరే, కదలకుండా మోసేది వేరే," అన్నాడు. అచ్చువేసిన బరువును నమ్మొద్దని అమ్మేవాడే చెప్పే వ్యాపారం నేను అంతవరకు చూడలేదు. కాళ్ళలో ముక్కలు ఎన్ని తక్కువుంటే అంత గట్టిదట. నడుమ రాడ్డు లేనిదే మేలట. కాళ్ళు తిప్పి బిగించేవి కొన్ని, మీట నొక్కి బిగించేవి కొన్ని. తిప్పేవి నా వేళ్ళకు లొంగలేదు, నొక్కేవే ఇవ్వమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, బతికిపోయాను.

పైన బిగించే తల దగ్గర మాత్రం నా ప్రాణం లేచివచ్చింది. గుండుతో తిరిగే తల ఒకటి చూపించాడు, లెన్సు ముందుకు వాలిపోయింది. ఇంకొకదాంట్లో లెన్సును ఊయలలో పెట్టినట్టు పక్కనుంచి బిగించాడు. కాస్త ముందుకు, కాస్త వెనక్కు జరిపి వదిలేస్తే, ఎటూ ఒరగకుండా నిలబడింది. పాత తక్కెడలో రెండు పళ్ళేలు సమంగా నిలిచినట్టే. ఆ అంగట్లో నాకు అర్థమైన వస్తువు అదొక్కటే. అదీ, కార్బన్ కాళ్ళూ కొనేశాను. ఇంటికి వచ్చేదాకా కారులో పాటలు పాడుకున్నాను.

మర్నాడే వెలుగోడు పోయాను. రెండు ముక్కులు!

కోపంతో నాకు ఏడుపు వచ్చింది. గాలి ఎక్కువగా ఉందని సర్దిచెప్పుకున్నాను. పక్కనున్న కిరాణా అంగడివాళ్ళ పాత ఇనప తూకపు రాళ్ళు సంచిలో వేసి స్టాండు నడుమకు వేలాడదీశాను. ఎండ ఎక్కితే నీళ్ళ మీద గాలే వణుకుతుందని, దూరం బొమ్మలన్నీ అలుక్కుపోతాయని స్టూడియో ఆయన చెబితే, పొద్దు పొడవగానే పోయాను. కట్ట మీద లారీలు పోతే నేల అదురుతుందని కిందికి దిగాను. కింద మట్టి మెత్తగా ఉందని మళ్ళీ పైకి ఎక్కాను. ఒకరోజు మా మిద్దె మీదే స్టాండు పెట్టి, దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు మీది అక్షరాలు తీశాను. అవీ అలికినట్టే వచ్చాయి. కడప బండల కింద ఇసుక సరిగ్గా పోయలేదని, ఎప్పుడో మిద్దె కట్టిన మేస్త్రీని తిట్టుకున్నాను. ఎన్నని తిట్టగలను? స్టాండు, తల, లెన్సు, గాలి, ఎండ, మట్టి, మేస్త్రీ. వరసలో మిగిలినవాడి పేరు తలుచుకోవడానికే భయమేసేది.

మాఘమాసంలో ఒక శనివారం అహోబిలం పోదామని మా ఇంటావిడ బయలుదేరదీసింది. వెలుగోడు దారిలోనే కదా, ట్రైపాడ్ డిక్కీలో వేశాను. స్వామి దర్శనానికి ఇదెందుకని అడిగింది. గద్ద వెళ్ళిపోయే రోజులు దగ్గరపడ్డాయని చెప్పాను.

మేము కట్ట మీదికి చేరేసరికి ఎండ ఇంకా లేత. గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు, అవతల నల్లమల కొండలు నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. గద్ద మోడు మీద కూర్చుని చేపను అప్పుడే మొదలుపెట్టింది. కాళ్ళు వెడల్పుగా పరిచి, మీటలు నొక్కి, రాళ్ళ సంచి వేలాడదీసి, లెన్సును తక్కెడలా నిలిపాను. తిట్టడానికి ఆ రోజు ఏమీ మిగల్లేదు. అదే నాకు గుబులు పుట్టించింది. తీశాను. మసక. మళ్ళీ తీశాను. మళ్ళీ మసక.

మా ఇంటావిడ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని పక్కన బండ మీద కూర్చుని ఉంది. ఆమె పుట్టిల్లు ప్రొద్దుటూరు, వాళ్ళదీ బంగారు వ్యాపారమే.

"ఏమండీ, చేతులు తీయండి," అంది.

పరువు పోయే ఆ మాట నేను ఇంట్లోవాళ్ళ నోట వినడం అదే మొదలు.

"చేతులు తీస్తే బటన్ ఎట్ల నొక్కేది?"

"అందరం కలిసి ఫోటో దిగేటప్పుడు పెట్టి పరిగెత్తి వస్తారు కదా, అట్ల పెట్టండి."

టైమరు పెట్టి, రెండు చేతులూ ఎత్తి వెనక్కు జరిగాను. ఎర్ర దీపం మిణుకుమని ఆరింది, కెమెరా టిక్కుమంది. తెరమీద చూశాను. ఒకటే ముక్కు. పసుపుపచ్చ కన్ను. కాళ్ళ కింద చేప పొలుసులు కూడా విడివిడిగా ఉన్నాయి. అంత మంచి ఫోటో నా జన్మలో తీయలేదు. గుండె జారిపోయింది.

"ఇంత పొడుగు లెన్సుకు ఎవరి వేలు తగిలినా కదుల్తాది," అన్నాను గట్టిగా.

ఆమె డబ్బా పక్కన పెట్టి లేచి వచ్చింది. కెమెరా ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియని మనిషి, టైమరు తీసేయమని నాతో చెప్పి, వేలితో బటన్ నొక్కింది. గద్ద చక్కగా, ఒకటే ముక్కుతో, ఒకటే తోక ఉన్న చేపతో వచ్చింది. కర్నూలు అంగడాయన నిజమే చెప్పాడు. నేను కొన్న కాళ్ళు గట్టివే, తల గట్టిదే. అన్నీ గట్టివే.

తల ఎత్తేసరికి ఆమె ఫోటోను చూడటం లేదు. ఆ పెద్దామె చూసినట్టే నా కుడిచేతిని చూస్తోంది. దాన్ని జేబులో పెట్టుకోబోయాను.

"దాచొద్దండి. శానా దినాల నుంచి సూస్తాండా. చొక్కా గుండీలు పెట్టుకునేకి ఎంతసేపు అవుతాండాదో నాకు తెలీదా? మీరే చెప్తారులే అని ఊరకుండా."

"కాటా..." అన్నాను.

"కాటా కాడ నేను కూర్చుంటా. మీరు బేరం మాట్లాడండి. నోరయితే వణకల్యా కదా."

నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు. అహోబిలం స్వామి యాడికీ పోడు, మొదట కర్నూలు డాక్టరు కాడికి పోదాం అంది. కారు తిప్పుదామని నేను స్టాండు మడవబోతే ఆపింది.

"పోయే ముందర ఇంకొకటి తీయండి."

టైమరు నొక్కాను. చేతులు ఎత్తబోతే, కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అలాగే నిలబడ్డాం.

డాక్టరు పరీక్షలు చేసి మాత్రలు రాశాడు. వణుకు తగ్గవచ్చు, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేనన్నాడు. ఇప్పుడు కాటా ముందు మా ఇంటావిడ కూర్చుని, రెండు చేతులూ ఎత్తి చూపిస్తుంది. టైమరు పెట్టి నేను తీసిన ఆ మొదటి ఫోటోను పెద్దది చేయించి ఆమె వెనక గోడకు తగిలించాం. కొనేవాళ్ళంతా ఆ కన్నును మెచ్చుకుంటారు. చివర తీసినదాంట్లో గద్ద తల అటు తిప్పేసుకుంది, ఎవరికీ చూపించదగ్గది కాదు. దాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ ఎర్ర దీపం మిణుకుతున్నంతసేపు నా చెయ్యి వణకడం ఆగిందో, ఆమె పట్టుకుని ఉండటం వల్ల నాకు తెలియలేదో, ఆ ఫోటోను ఎన్నిసార్లు చూసినా తేల్చుకోలేకపోతున్నాను.