నవాకాలో ఏరువాక

నవాకా చెరుకు చేలల్లో ఏడాదికి ఒక్కరోజు అందరూ కత్తులు పక్కన పెట్టి కడుపారా నవ్వుకునేవాళ్ళు. అది పెద్దన్న ఏరువాక సాగించే రోజు.

అది జూన్ నెల. ఫిజీలో అప్పుడు చలికాలం. అందులోనూ నవాకా ఉన్న నాడీ పట్నం వైపు వాన చుక్క పడదు, నేల బీటలు తీసి ఉంటుంది. చెరుకు కోతలు మొదలై, చేలన్నీ మనుషులతో కిటకిటలాడుతుంటాయి. అటువంటి రోజున పెద్దన్న పొద్దున్నే లేచి, తన ముసలి ఎడ్ల జతను వాగులో కడిగి, కొమ్ములకు పసుపు పూసి, మెడల్లో మందార దండలు వేసి, రాయిలాంటి ఆ నేల మీద నాగలి పెట్టేవాడు. ఒక్క చాలు సాగేసరికి ఎడ్లకు నురగలొచ్చేవి, అతనికి మోకాలు పట్టేసేది.

"కా హో దాదా, సూఖా మాటీ మే హల్ జోత్తా?" అని కాలవ అవతల నుంచి పార్బతి అరిచేది. ఎండు మట్టి దున్నుతున్నావేమిటి పెద్దాయనా అని. పార్బతిది ఉత్తరాన హిందుస్తాన్‌లో ఎక్కడో. నవాకాలో పెద్దన్న భార్య నాగమ్మకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. నోరు పెద్దదే కానీ మనసు అంతకన్నా పెద్దది. పెద్దన్న ఆమె మాట చెవిన వేసుకునేవాడు కాదు. నాగమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయేది.

అతన్ని పిచ్చివాడనుకుంటే పొరపాటే. విశాఖపట్నం జిల్లాలో తమ ఊరికి పెద్దన్న మాటే పంచాంగం. ఏ కార్తెలో ఏ విత్తనం, ఎప్పుడు ఊడ్పు, ఎప్పుడు నూర్పు అని పెద్ద రైతులు కూడా వచ్చి అడిగిపోయేవాళ్ళు. మృగశిరలో తొలకరి, పున్నమికి ఏరువాక, ఆ వెనకే చోళ్ళు, అదే రాగులు, చల్లడం. ఆ తొలకరే మూడేళ్ళు వరసగా ఎగ్గొట్టింది. చెక్కభూమి పోయింది, ఉన్న ఒక్క బిడ్డా జ్వరంతో పోయింది. పందొమ్మిది వందల ఆరులో మొగుడూ పెళ్ళాం ఫిజీ చెరుకు తోటల కూలికి మద్రాసు రేవులో ఓడెక్కారు. నలభై అయిదు దాటిన మనిషి ముప్పై రెండని రాయించుకున్నాడు. రాసుకున్నవాడికి కళ్ళు లేక కాదు, వాడికి కూలీలు కావాలి.

అయిదేళ్ళ గిర్మిట్ అది, అంటే కూలి ఒప్పందం. ఎప్పుడు లేవాలో, ఎంత నరకాలో, జ్వరమొస్తే అది జ్వరమో కాదో కూడా కుల్లంబరే చెప్పేవాడు. తెల్ల ఓవర్సీరును అక్కడ అలా పిలిచేవాళ్ళు. ఆ అయిదేళ్ళలో పెద్దన్నకు తనదంటూ మిగిలింది ఒక్క తాడు. కొబ్బరి పీచుతో తానే పేనుకున్నాడు. కార్తె మారినప్పుడల్లా దానికి బెత్తెడు దూరంలో ఒక ముడి వేసేవాడు, ఏడాదికి ఇరవై ఏడు ముడులు. ఒకనాడు కుల్లంబర్ చేత కొరడా దెబ్బలు తిని వచ్చి, నాగమ్మ వీపుకు నూనె రాస్తుంటే, "ఇయాల ఆరుద్ర పెట్టింది నాగీ" అన్నాడు. అన్నీ లాక్కున్న మనుషులకు ఆ లెక్క ఒక్కటి దొరకలేదన్న సంబరం ఆ గొంతులో ఉంది. నాగమ్మ ఆ గొంతును మరిచిపోలేదు. అందుకే తర్వాత చాలా కాలం ఆ తాడు లెక్క మీద నోరు మెదపలేకపోయింది.

నాగమ్మకు మిగిలింది ఒక సొరకాయ బుర్ర. అందులో బూడిద కలిపిన రెండు సోలల చోళ్ళు. మూతికి మట్టి మెత్తి, ఓడలోనూ కూలీలుండే లైన్లలోనూ తల కింద పెట్టుకుని పడుకుంది. ఆకలికి కడుపు మెలితిప్పిన రోజుల్లో బుర్రను చెవి దగ్గర ఊపి, ఆ గలగల విని మళ్ళీ కింద పెట్టేసేది. చోడంబలి తాగి పెరిగిన మనిషి ఆమె. అయిదేళ్ళూ కంపెనీ ఇచ్చిన పిండీ పప్పూ తింటూ, ఒక్కసారి పుల్లటి చోడంబలి, నంజుకోను ఉల్లిపాయ, ఇంతే కోరుకుంది దేవుణ్ణి.

గిర్మిట్ తీరి ఇద్దరూ ఖుల్లా అయ్యారు. అంటే ఎవడి గొంతుకూ లేవక్కర్లేని మనుషులయ్యారన్నమాట. నవాకాలో ఒక చెక్క నేల కౌలుకు తీసుకున్నారు. పెద్దన్న చెరుకు కత్తిని చూరులో గుచ్చి, "ఇంక దీని మొకం సూడను" అన్నాడు. మోకాలు పోయింది, దమ్ము పోయింది, ఇక కూలికి పోయే వయసు కాదు. వానలప్పుడు వరి, మొక్కజొన్న. ఎండు నెలల్లో కంది, వంగ, బెండ. కోతల రోజుల్లో చెరుకు ఆకు తగలబెట్టిన మసి వాళ్ళ ముంగిట్లో రాలుతుంటే, ఇద్దరూ అరుగు మీద కూర్చుని కందికాయలు వలుచుకునేవాళ్ళు. పొద్దెక్కేదాకా పడుకోవడం పెద్దన్నకు అలవాటు కావడానికి ఒక ఏడాది పట్టింది.

ఎటొచ్చీ చోళ్ళ దగ్గరే పేచీ. అందరూ డిసెంబరులో వరి నాటితే తనూ నాటేవాడు. చోళ్ళు కూడా అప్పుడే చల్లకూడదా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"వరి ఈ దేశపు పంట. ఈల్ల లెక్క ఈల్లది. సోళ్ళు మనియి. మన కార్తెకే పడాల" అనేవాడు.

ఖుల్లా అయిన మొదటి జూన్‌లో ఒక సోల చల్లాడు. పది మొలకలు లేచి, మాడిపోయాయి. ఎరువు చాలలేదన్నాడు. రెండో ఏడు అరసోల చల్లాడు. వాగు నీళ్ళు కడవలతో మోసి పోసినా జానెడు ఎత్తు కూడా లేవకుండానే ఎర్రబడి పోయాయి. విత్తు లోతుగా పడిందన్నాడు. మూడో జూన్ వచ్చింది. ఎడ్లను కడిగాడు, పార్బతి అరిచింది, చేలవాళ్ళు నవ్వారు. పెద్దన్న వచ్చి చెయ్యి చాపాడు.

"మిగిలినియి ఇయ్యే."

బుర్రలో ఉన్నది అరసోల. అదీ పోతే చోడి అన్న మాటే ఈ నేల మీద ఉండదు. ఊరి నుంచి మళ్ళీ తెప్పించుకోవడానికి ఊళ్ళో ఎవరున్నారు గనక? పెళ్ళై ముప్పై ఏళ్ళలో మొగుడితో అబద్ధమాడని నాగమ్మ, లోపలికి వెళ్ళి గుప్పెడు గింజలు తెచ్చి అతని చేతిలో పోసింది.

"ఇయ్యేనా?"

"ఎలకలు తినీసినాయి మావా."

పెద్దన్న ఆ గుప్పెడూ చల్లాడు. అవీ పోయాయి. ఈసారి ఏ సాకూ చెప్పలేదు. తాడు ఒళ్ళో పెట్టుకుని ముడులు తడుముకుంటూ కూర్చునేవాడు. అతన్ని అలా చూడలేక నాగమ్మ కడవ తీసుకుని వాగుకు పోయేది.

నవంబరు ఆఖర్న పార్బతి తన కాలవ గట్టు చెట్టు మామిడిపళ్ళు బుట్టెడు పంపింది. నాగమ్మ గుమ్మంలో కూర్చుని ఒక పండు చీకింది. రసం మోచేతి దాకా కారింది. దాన్ని నాలుకతో అందుకోబోయి అలాగే ఆగిపోయింది. ఊళ్ళో ఇలా మోచేతి రసం నాకింది ఎప్పుడు? రోహిణి ఎండల్లో. ఒళ్ళంతా పేలి, ఉక్కపోసి, పళ్ళు తిని తిని వెగటు పుట్టే రోజుల్లో. ఆ తర్వాత పక్షం తిరక్కుండా తొలకరి. ఇక్కడా ఒళ్ళు పేలుతోంది. ఉక్కపోస్తోంది. తూర్పు కొండల మీద మబ్బు నల్లబడుతోంది. గోడవారన చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. మృగశిర వస్తోందని చెట్టూ చీమా చెబుతుంటే, తన మొగుడు తాడునడుగుతున్నాడు!

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. తాడు తప్పని అతనితో ఎలా చెప్పడం? కొరడాకు కూడా దొరకని దాన్ని తను లాక్కోవడమా? చెప్పలేదు. మొదటి వాన పడ్డ మర్నాడు, అతను వరి మడి దగ్గర ఉండగా, కొట్టం వెనక నాలుగు మంచాల మేర నేల గుల్లచేసి, దాచిన చోళ్ళన్నీ చల్లేసింది.

పన్నెండో రోజున పెద్దన్న ఎద్దును మార్చి కట్టడానికి కొట్టం వెనక్కి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. పొయ్యి దగ్గర నాగమ్మ అన్నం కుండను ఊరికే కలియబెడుతూ కూర్చుంది. పాతగింజల్లో సగమే మొలిచినా, నేల పచ్చగానే ఉంది. గడ్డి మొలకేదో చోడి మొలకేదో అతనికి ఒకరు చెప్పాలా? చివరికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎలకలు తిన్న గింజలు బాగానే మొలిసినాయి" అన్నాడు.

"మావా, మామిడిపండు సూసి నాను..."

"నా లెక్క తప్పయిపోనాదా? ఊరంతా నన్నడిగి ఇత్తులేసింది, తెలుసునా?"

నాగమ్మకూ మూడేళ్ళ ఉక్రోషం ఒక్కసారి పొంగింది. "ఆ కార్తెలే కదా మనల్ని ఓడెక్కించినాయి!" అనేసింది.

అన్న మరుక్షణం నాలుక కొరుక్కుంది. అప్పటికే అతను వెనుదిరిగాడు. రెండు నెలలు ఆ ఇంట్లో "అన్నం పెట్టు", "ఎద్దు ఇప్పు" తప్ప మాటల్లేవు. చోళ్ళు మాత్రం పట్టించుకోకుండా పెరిగాయి. మోకాలు దాటాయి, వెన్ను తీశాయి. పెద్దన్న అటువైపు వెళ్ళేవాడు కాదు. కానీ మొక్కల మధ్య గడ్డి ఎప్పటికప్పుడు మాయమవుతుండేది. పీకింది తను కాదు. నాగమ్మ ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గాలివాన లేచింది. నవాకాలో గాలి అంటే కప్పులు ఎగరగొట్టే గాలి. పార్బతి అరటితోట చూస్తుండగానే నేలమట్టమైంది. ఇంటి కప్పు గడ్డి పాయలు పాయలుగా లేచిపోతోంది. నాగమ్మ బియ్యం డబ్బా మీద గోనె కప్పి తల తిప్పేసరికి పెద్దన్న లోపల లేడు. కార్తెల తాడు వేలాడే మేకు ఖాళీగా ఉంది.

ఆమె తడుస్తూ కొట్టం వెనక్కి పరుగెత్తింది. గింజ పట్టిన చోళ్ళన్నీ ఒక పక్కకు వాలిపోతున్నాయి. పడితే బురదలో కుళ్ళిపోతాయి. పెద్దన్న పట్టేసిన మోకాలితోనే బురదలో కూలబడి చుట్టూ గుంజలు దిగగొడుతున్నాడు. చంకలో తాడు.

"సూత్తావేటే? ఆ కొస అట్టుకో!" అని అరిచాడు.

రెండు నెలల్లో అదే అతను ఆమెతో గట్టిగా అన్న మాట. నాగమ్మ కొస పట్టుకుంది. దాదాపు ఎనిమిదేళ్ళ కార్తెలు, ఎన్ని ముడులో, ఆమె తడి చేతుల్లోంచి ఒక్కొక్కటే జారుకుంటూ గుంజ నుంచి గుంజకు పోయాయి. మడి చుట్టూ చుట్టి, అడ్డంగా రెండు వరసలు వేసేసరికి తాడు సరిగ్గా సరిపోయింది. చోళ్ళు ఆ ముడుల మీద వాలి నిలబడ్డాయి.

తాడు మడి దగ్గరే ఉండిపోయింది. కార్తె మారినా పెద్దన్న దాన్ని విప్పి తేలేదు, కొత్త ముడి వేయలేదు. ఏప్రిల్‌లో కోసి, కర్రతో కొట్టి, చెరిగితే కుంచెడు చోళ్ళయ్యాయి. నాగమ్మ ముందు బుర్ర నిండా విత్తనం తీసి మూతికి మట్టి మెత్తింది. తర్వాత పార్బతి తిరగలిలో విసిరి, పిండి నానబెట్టి, అంబలి కాచింది. పెద్దన్న ముంత ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఖాళీ ముంత మళ్ళీ చాపాడు. నాగమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పొగ అనడానికి పొయ్యి కూడా ఆరిపోయి ఉంది.

ఆ జూన్ పున్నమి వచ్చింది. పెద్దన్న అరుగు మీద కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి. కాలవ అవతల పార్బతి కాసేపు నిలబడి చూసింది, అరవలేదు, వెళ్ళిపోయింది. మూడేళ్ళు ఈ రోజును తలుచుకుని సిగ్గుపడ్డ నాగమ్మకు ఇవాళ ఆ పసుపు కొమ్ములు కనపడక ఇల్లు బావురుమన్నట్టుంది. తాను గెలిచిందనుకోలేకపోయింది. గుంజలకే ఉండి చివికిపోయిన తాడును తెచ్చి ఇవ్వబోతే, "ఉండనీ. లెక్క ఎప్పుడో తప్పిపోనాది" అన్నాడు. పున్నములు చూసి మళ్ళీ లెక్క కట్టుకోగలడు. కట్టుకోలేదు.

కోతలు సాగాయి. మసి రాలింది. కందికాయలు వలుచుకున్నారు. నవంబరు దాటింది.

ఒక ఉదయం నాగమ్మ వాకిలి చిమ్ముతుంటే పెద్దన్న కాలవ వైపు నుంచి కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో రాలిన మామిడిపండు. పంచె కొంగుతో మట్టి తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"పండినాది" అన్నాడు.

ఆమె వాసన చూసింది. బాగా పండింది. అతను ఇంకా అక్కడే నిలబడ్డాడు, ఒకప్పుడు పెద్ద రైతులు తన గుమ్మం ముందు నిలబడినట్టు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక.

"ఓలే నాగీ, ఏరువాక ఎప్పుడెడదాం?"

నాగమ్మ చీపురు కింద పెట్టింది. తూర్పు కొండల మీద మబ్బు చూసింది, గోడవారన చీమల బారు చూసింది, తప్పకుండా సరిగ్గా చెప్పాలని మళ్ళీ ఇంకొకసారి మబ్బు చూసింది.

"ఎల్లుండి మావా" అంది. "నువ్వు ఎడ్లు కడుగు. నాను పసుపు నూర్తాను."