పాటలో లేని పేరు

తిప్పమ్మ గొంతు గురించి ఊళ్ళో చెప్పుకునే మాటల్లో సగం తీసేసినా, మిగిలేది తక్కువేం కాదు. శెనక్కాయ చేలో కలుపు తీస్తూ ఆమె పాట ఎత్తుకుంటే కదిరి బస్సు రోడ్డు మీద దానంతటదే ఆగేదట. డ్రైవరు బ్రేకు వేసి ఉంటాడు కదా అని ఎవరైనా అంటే ఆ ఊరివాళ్ళు అతన్ని జాలిగా చూస్తారు.

ఆమె ఎక్కువగా పాడేది మబ్బు పాట. కట్టింది ఆమె భర్త కుళ్ళాయప్ప. పెళ్ళయిన కొత్తలో ఏదో మాట మీద తిప్పమ్మ అలిగి మాట్లాడడం మానేసింది. బతిమాలడం చేతకాని మనిషి, పక్క సాలులో కలుపు తీస్తూ ఆకాశం వైపు చూసి పాట కట్టాడు. "నల్లని మబ్బా, నా చేను దాటి యాడికి పోతావే" అని మొదలై, "కుళ్ళాయప్ప మాట కాదనకే మబ్బా" అని ముగుస్తుంది. చేలో ఉన్న కూలీలంతా వాన కోసం పాడుతున్నాడనుకున్నారు. ఆ నల్లని మబ్బు ఎవరో తిప్పమ్మకు ఒక్కదానికే తెలుసు.

పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు పెట్టుకోవడం ఆ పక్క ఆనవాయితీ. చిక్కంతా అక్కడే వచ్చింది. మొగుని పేరు నోటితో పలకడం తిప్పమ్మ పెరిగిన ఇంట్లో లేదు. రేషన్ షాపులో అడిగినా "పెద్దోని నాయన" అనేది. పాటలో ఆ పేరు వచ్చే చోట కూడా "సామి మాట కాదనకే మబ్బా" అని దాటేసేది. కుళ్ళాయప్ప బతికినన్నాళ్ళూ విని నవ్వుకునేవాడు, మళ్ళీ తను పాడి పేరు పెట్టేవాడు. ఆయన పోయాక పేరు పెట్టేవాళ్ళు లేకపోయారు.

తిప్పమ్మ పాడుతుంటే ఎవరో చేలో ఫోనులో పట్టిన ఆ పాట, కదిరిలో ప్రోగ్రాములు ఇచ్చే గాయకుడు చంద్రమోహన్‌కు చేరింది. సామి అంటే పీర్ల పండగకు జనం మొక్కే కుళ్ళాయిస్వామే అని అతను ఖాయం చేసుకున్నాడు. ఆ స్వామిని కుళ్ళాయప్ప అని కూడా పిలుస్తారు, మొక్కుకుని కన్న పిల్లలకు ఆ పేరే పెడతారు గనక ఆ పక్క వీధికొక కుళ్ళాయప్ప ఉంటాడు, తిప్పమ్మ భర్తతో సహా. చంద్రమోహన్ డప్పులు జోడించి పాటను యూట్యూబులో పెట్టి, కింద "పాత భక్తి పాట, కట్టినవారు తెలియదు" అని రాశాడు. ఆటోల్లో, టీ కొట్లలో, ధర్మవరం మగ్గాల దగ్గర ఎక్కడ విన్నా అదే పాట.

కోడలు మల్లీశ్వరి ఆ ముక్క చదివి వినిపించిన రోజు తిప్పమ్మ సంగటి ముట్టలేదు. మరునాడు కోడలిని వెంటబెట్టుకుని కదిరి బస్సెక్కింది. ఆ బస్సు మాత్రం ఆమె చెయ్యెత్తితేనే ఆగింది.

"పాట కట్టినాయన పేరేమవ్వా?" అని అడిగింది లాయరు పద్మజ.

"పెద్దోని నాయన."

"కాగితంలో అట్ల రాయరు."

"రాయకుంటే మానె. చట్టం ఏమంటాదో చెప్పమ్మా."

మల్లీశ్వరి ఈ కాలం పిల్ల గనక వెనక నుంచి పేరు అందించింది. తిప్పమ్మ ఆమె తొడ మీద గిల్లింది.

పద్మజ విడమరిచి చెప్పింది. పాట కట్టిన మనిషి పోయినా పాట మీద హక్కు పోదు. ఇంకో అరవై ఏళ్ళు అది వారసులదే, ఆ తర్వాత అందరిదీ. కావాలంటే చంద్రమోహన్‌ను ఆపించవచ్చు.

"అన్నేండ్లు పాటకు బీగమేసి పెడితే, తీసేనాటికి లోపల ఏముంటాదమ్మా?" అంది తిప్పమ్మ. "పాడుకోనీ. ఆయన ఎవర్నీ పాడొద్దనలేదు. ఆ తెలియదన్న మాట తీయించు. పేరుకు ఎన్నేండ్లు?"

"పేరుకు గడువు లేదవ్వా. ఎప్పటికీ ఆయనదే."

తిప్పమ్మకు చట్టం మీద మొదటిసారి గౌరవం కలిగింది.

పద్మజ ఫోను చేస్తే చంద్రమోహన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. సంగతి విని మొహం వాడిపోయింది. "నేను సామి పాటే అనుకున్నా అవ్వా. అయినా పోయినోళ్ళకు పాటతో ఏం పని? పాట జనాలది."

"పాట జనాలదే అప్పా. కట్టినోడు నావాడు."

పేరు రాయడానికి అతను ఒప్పుకున్నాడు గానీ, ఒక భయం మిగిలింది. "పీర్ల పండగకు మీ ఊర్లోనే పాడల్ల. ఇది సామి పాట కాదు, మనిషి పాట అని నేనంటే జనం నన్ను తంతారు."

"నీతో నేనెందుకు చెప్పిస్తా? పేరు తీసింది నేను. నేనే పెట్టల్ల."

అనడమైతే అంది. ఇంటికొచ్చి, ముందు కొట్టంలో కట్టేసిన ఎనుముకు ఆ పేరు చెప్పి చూసింది. మొదటి అక్షరం దగ్గరే నోరు బిగుసుకుపోయింది. ఆ సిగ్గు చూడలేక ఎనుమే తల తిప్పుకుందని మల్లీశ్వరి ఇప్పటికీ చెబుతుంది.

పండగ సాయంత్రం కుళ్ళాయిస్వామి పీరు నిలిపిన చావిడి ముందు స్టేజి మీద చంద్రమోహన్ ఆమెకు మైకు ఇచ్చాడు.

"ఈ పాట కట్టింది మా పెద్దోని నాయన."

కింద నుంచి ఆదెప్ప లేచాడు. ఆమెకు మరిది వరస. "పెద్దోడెవరు వదినా, వాని నాయనెవరు? పేరుతో చెప్పు."

జనం నవ్వారు. తిప్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మాటతో అయ్యే పని కాదని తెలిసి పాట ఎత్తుకుంది. చంద్రమోహన్ డప్పులవాళ్ళను ఆగమని సైగ చేశాడు. ఆఖరి చరణం వచ్చింది. ఈసారి ఆమె దాటేయలేదు. "కుళ్ళాయప్ప మాట కాదనకే మబ్బా."

జనమంతా చేతులెత్తి చావిడి వైపు దండం పెట్టారు.

తిప్పమ్మ నమ్మలేనట్టు చూసింది. ఇన్నేళ్ళకు నోరు పెగిలితే అదీ స్వామి ఖాతాలోనే పడింది. అప్పుడొచ్చింది ఆమెకు కోపం. ఆ కోపంలో సిగ్గు ఎటు పోయిందో తెలియలేదు.

"చేతులు దించండప్పా. ఆ కుళ్ళాయప్ప చావిట్లో ఉండాడు. నేను పిల్చింది నా మొగుణ్ణి. ఎగువ గేరిలో ఇల్లుండే తిమ్మన్న కొడుకు కుళ్ళాయప్ప. ఈ పాట కట్టినోడు ఆయన."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఆదెప్పే మళ్ళీ లేచాడు. "మరి మబ్బెవరు వదినా?"

"నేనే లేరా."

ఆ నవ్వుకు షామియానా గుంజలు ఊగాయంటారు. వాన కూడా పడిందని చెప్పేవాళ్ళున్నారు గానీ, పడలేదు. ఆ ఏడాది ఎప్పటిలాగే మబ్బులు ఊరి మీదుగా వెళ్ళి ఇంకెక్కడో కురిశాయి.

ఇప్పుడు ఆ పాట కింద కుళ్ళాయప్ప పేరుంది. ఎవరైనా పాడుకోవచ్చు, తిప్పమ్మను అడగనక్కర్లేదు. పేరు తీయకూడదు, అంతే. చంద్రమోహన్‌కు మాత్రం ఇంకో షరతు పెట్టింది. జనం దండం పెడితే పాట ఆపి, ఈ కుళ్ళాయప్ప ఎవరో చెప్పాలి. పుట్టపర్తిలో పెట్టారు, ఆపి చెప్పాడు. కర్ణాటక సరిహద్దులోని గుమ్మఘట్టలో పెట్టారు, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పాడు.

"పాట కంటే ఇది చెప్పేదానికే ఎక్కువ సేపు పడతాండాది అవ్వా" అని ఒకరోజు ఫోనులో వాపోయాడు.

"పడనీప్పా" అంది తిప్పమ్మ. "నాకెంత కాలం పట్టిందో నీకేం తెలుసు."