చల్లారనివ్వని మనిషి

వరహాలుకు కుదురుగా నిలబడటం చేతకాదు. టీ తాగుతూనే పికప్ టైర్లను కాలితో తన్ని చూస్తాడు, మాట్లాడుతూనే అద్దాలు తుడుస్తాడు. హార్బర్ నుంచి చేపలు తోలే ఆ పాత డీజిల్ బండి ఈ మధ్య తెల్లవారుజామున ఎంతకీ స్టార్ట్ కావడం లేదు. వీధివాళ్ళు తోస్తే కదులుతుంది, ఇక సాయంత్రం దాకా పేచీ పెట్టదు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటానని చేపల షావుకారు తేల్చేశాడు. రాత్రంతా చల్లారిన బండిని చూస్తేగాని జబ్బు తెలియదనీ, తాను వచ్చేదాకా ముట్టుకోవద్దనీ ఆటోనగర్ మెకానిక్ వహాబ్ చెప్పాడు. తీరా పొద్దున్నే వచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.

“మళ్ళీ స్టార్ట్ సేసేసినావేటి బావా?”

“ఏటి సెయ్యమంటావు? పానం ఆగలేదు,” అన్నాడు వరహాలు తల గోక్కుంటూ.

మర్నాడు అతను చేతులు చంకల్లో ఇరికించుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. వహాబ్ బండి కిందికి దూరి, డీజిల్ పైపుకు పడిన సన్నని పగులు చూపించాడు. రాత్రిళ్ళు ఆ పగులులోంచి గాలి చొరబడి డీజిల్ వెనక్కి జారిపోతోంది. పైపు మార్చాక ఇంజన్ అందుకుంది. వరహాలు గంతేశాడు.

“ఇప్పుడేటి సంబరం? రేపు సల్లగున్నప్పుడు స్టార్టయితేనే రోగం కుదిరినట్టు,” అన్నాడు వహాబ్.

ఆ రాత్రి వరహాలు తన మీద తనకే నమ్మకం చాలక తాళం భార్య చిలకమ్మ చేతిలో పెట్టాడు. “నానడిగినా ఇవ్వకే.” ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

తెల్లారగట్ల ఇంజన్ చప్పుడుకు వరహాలు ఉలిక్కిపడి లేచి బయటికి పరిగెత్తాడు. స్టీరింగ్ వెనక చిలకమ్మ కూర్చుని ఉంది.

“ఒక్క తిప్పుకే లేసింది మావా! బేగి ఎక్కు.”