పక్కన కస్టమర్ ఉందండి

నాకు ముక్కు మీదే కోపం. చిన్నప్పటి నుంచి కళ్లజోడు కూడా అక్కడే ఉంది కాబట్టి, పాపం ఆ ముక్కు రెండింటినీ మోస్తోంది. ఆ కోపంతోనే ఒక మంచి ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం కూడా దాని మూలంగానే చేజారిపోవాల్సింది.

గవర్నర్‌పేటలో ఒక చిన్న కళ్లజోళ్ల షాపులో ఆరేళ్లు పనిచేశాను. యజమాని ముస్లిం పెద్దాయన. బజారంతా ఆయన్ని భాయ్‌గారు అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. చేరిన రోజున లెన్స్‌ను ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం, ముక్కు దగ్గర ఒత్తుకోకుండా సరిచేయడం, అన్నీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. రంజాన్ ఉపవాసాల్లో తాను మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, ఒంటిగంట కాగానే నన్ను మాత్రం కసిరేవారు. "క్యారేజీ తెరువమ్మా. ఆకలితో చేసిన పని నాకొద్దు."

మా మధ్య గొడవ ఒక బస్సు డ్రైవర్ కళ్లజోడు దగ్గర వచ్చింది. ఆయనది చల్లపల్లి. బస్సు టైమైపోతోందని కౌంటర్ మీద టకటకా కొడుతున్నాడు. జోడు ఆయనకు పెట్టి చూస్తే కుడి లెన్స్ మధ్యభాగం కంటిపాపకు ఎదురుగా లేదు, కాస్త పక్కకు జరిగింది. అలాంటిది పెట్టుకుంటే తలనొప్పి తప్పదు. తీసేసి, ఇవ్వనన్నాను. భాయ్‌గారికి చిరాకేసింది.

"ఇచ్చెయ్. నాలుగు రోజులు పెట్టుకుంటే అదే అలవాటైపోద్ది."

"ఆయన బస్సు నడుపుతారండీ. మీ కళ్లకైతే ఇలాగే పెట్టుకుంటారా?"

షాపు నిండా జనం. ఆయన ముఖం ఎర్రబడింది. "షాపు నీదా, నాదా?"

"మీదే. మీరే ఉంచుకోండి," అని క్యారేజీ తీసుకుని మెట్లు దిగేశాను.

ఎనిమిది నెలలు ఆ వీధి మొహం చూడలేదు. ఈలోగా ఇంట్లో ఒక్క జీతంతో నెట్టుకురావడం కష్టమైంది. ఒక కంటి ఆసుపత్రిలో కళ్లజోళ్ల విభాగానికి మనిషి కావాలంటే వెళ్లాను. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. పాత యజమానితో మాట్లాడాకే ఆఫర్ లెటర్ ఇస్తామన్నారు. నేను చేసిన ఉద్యోగం అదొక్కటే కాబట్టి ఫారంలో భాయ్‌గారి నంబరు రాయక తప్పలేదు. ఆయన్ని ఒక్క మాటైనా అడగకుండా రాసిచ్చాను. ఇంటికొచ్చాక ఆయన ఏం చెప్తారోనని భయం పట్టుకుంది.

రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు పొద్దున షాపుకి వెళ్లాను. క్షమించమని ఎలా అడగాలో ఆటోలో వల్లె వేసుకున్నాను. ఆయన తలెత్తి చూసి, స్టూలు చూపించారు. నేను నోరు తెరిచేలోగా ఆయన ఫోన్ మోగింది. ఆయనకు చెవులు కాస్త మందం, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు.

ఫోన్ ఆసుపత్రి నుంచే. ఒక అమ్మాయి గొంతు నా పేరు చెప్పింది. "ఇది కాన్ఫిడెన్షియల్ అండీ. పక్కన ఎవరూ లేరు కదా?"

ఆయన నా వైపు ఒకసారి చూశారు. "పక్కన కస్టమర్ ఉందండి. పర్లేదు, అడగండి."

"ఆవిడ ప్రవర్తన ఎలా ఉండేదండీ?"

"రోజూ పది నిమిషాలు లేటు. ఎదురు సమాధానాలు చెప్తది. టీ నచ్చకపోతే తను తాగదు, నన్నూ తాగనివ్వదు."

ఒక్కటీ అబద్ధం కాదు. ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుని, చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"మరి ఎందుకు మానేశారండీ?"

భాయ్‌గారు ఫోన్‌ను ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నారు.

"తను మానలేదమ్మా, నేనే మాన్పించినట్టు. ఒక డ్రైవర్ జోడు తేడాగా ఉందంది. ఇచ్చెయ్యమన్నా. ఇవ్వనంది. నలుగురి ముందు అలా అన్నదని నాకు రోషమొచ్చింది. తను వెళ్లాక కొలిచి చూస్తే రెండు మిల్లీమీటర్లు తేడా. ఆ లెన్స్ పెట్టింది నేనే, ముప్ఫై ఏళ్ల నుంచి చేస్తన్నా ఈ పని. కొత్తది చేసి, మర్నాడు బస్సెక్కి చల్లపల్లి పోయి ఇచ్చొచ్చా. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలీదు. చెప్దామని ఫోన్ తీస్తా, మళ్లీ పెట్టేస్తా."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. "అవకాశముంటే ఆవిడని మళ్లీ తీసుకుంటారా అండీ?"

"మీరు వద్దంటే రేపు పొద్దున్నే తీసుకుంటా. అందుకని ఏ సంగతో తొందరగా తేల్చండి."

ఫోన్ పెట్టేసి, కౌంటర్ మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. ఆటోలో వల్లె వేసిన మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. నేను పంతం పట్టిన ఆ ఎనిమిది నెలలూ ఆయన కూడా బాధపడ్డారని ఒక్కరోజైనా అనుకోలేదు. ఆ పెద్దాయన మీద నాకెంత ప్రేముందో అప్పుడే తెలిసింది.

"జోడు ఇటియ్యి," అని చెయ్యి చాపారు. "కస్టమర్ అని చెప్పానుగా."

తీసి ఇచ్చాను. నిజంగానే వదులైంది. ఆయన చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని వంగారు. జోడు లేక, కళ్లలో నీళ్ల వల్ల, ఆయన నాకు సరిగ్గా కనబడలేదు. బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు.

"సరిపోయిందా?"

పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. అంత జరిగాక ఎవరైనా సరిపోయిందనే అంటారు.

"ఎడమ వైపు ఇంకా కాస్త వదులుగా ఉందండీ."

ఆయన నవ్వలేదు, కసరలేదు. మళ్లీ చెయ్యి చాపారు. "ఇటియ్యి తల్లీ."