అవును, కాదు

తమ్ముడు పోయి అప్పటికి నెల కాలేదు. విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కితే, పక్క సీటాయన బస్సు కదలకముందే మాటలు మొదలుపెట్టాడు.

"మా అమ్మాయి నేర్పిన ఆటండీ. మీరొక చిక్కు కథ చెప్పాలి, నేను ప్రశ్నలడిగి విప్పాలి. మీ జవాబు అవును, కాదు, అంతే. ఉయ్యూరు లోపు విప్పకపోతే పేరు మార్చుకుంటా!"

వదిలేలా లేడు. నాకు వేరే కథ తోచలేదు.

"ఒకతను అన్నం తిని బయటికెళ్ళాడు. కాలవ గట్టున చెప్పులు, ఫోను దొరికాయి. మర్నాడు నీళ్ళలో శవం దొరికింది. ఏం జరిగింది?"

"ఈతొచ్చాండీ?"

"అవును."

"ఎవరన్నా తోశారా?"

"కాదు."

"కాలు జారిందా?"

"తెలీదు."

"పోనీ, కావాలనే దిగాడా?"

"తెలీదు."

ఆయన నవ్వాడు. "తెలీదంటే ఎట్టాగండీ! కథ మీదేగా?"

ఆయన నా మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"మీవాడాండీ?"

"అవును. తమ్ముడు."

పరామర్శకు వచ్చిన చుట్టాలందరి దగ్గరా ఏదో ఒక జవాబు ఉండేది. ఈయన మాత్రం ఆ తర్వాత ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. కంకిపాడు దాటింది. ఉయ్యూరు దగ్గర పంచదార ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చింది.

మా వైపు చావు జరిగిన ఇంట్లోంచి లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పరు. ఎక్కింది మొదలు కండక్టరుతో సహా అందరినీ పలకరించిన ఆ మనిషి, ఉయ్యూరులో సంచీ తీసుకుని లేచాడు. నా భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి, ఏమీ చెప్పకుండా దిగిపోయాడు.