రత్నం స్టాపు

రోడ్డు వెడల్పు చేయడానికి రత్నం పేరు మీదున్న బస్సు షెల్టరు పడగొట్టారని విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాజారత్నం నా కాలేజీ స్నేహితుడు. సైన్యంలో చేరి, కార్గిల్ యుద్ధంలో పోయాడు. కొల్లేరు ఒడ్డున వాళ్ళ ఊరివాళ్ళు చందాలు వేసుకుని ఆ షెల్టరు కట్టారు. అదీ పోతే వాణ్ణి ఇక తలుచుకునేదెవరు?

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కాను. ప్లాట్‌ఫారం మీద కొన్న ఇడ్లీ బాగానే ఉంది గాని, చట్నీ ఒట్టి నీళ్ళు. ఏలూరులో దిగి కైకలూరు బస్సు పట్టుకున్నాను. అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు దొరికింది.

ఊరు దాటగానే మంచు కమ్మేసింది. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియలేదు. గూడబాతులు రెక్కలాడించకుండానే తేలిపోతున్నాయి. మా బస్సూ నేల మీద పోతున్నట్టు లేదు. ఎప్పుడు కునుకు పట్టిందో, రత్నం నా పక్కనే కూర్చుని, ఇడ్లీ పొట్లంలో నా వంతు కూడా లాగించేస్తున్నాడు. ఉన్నన్నాళ్ళూ వాడికదే పని.

"రత్నం! రత్నం దిగేవాళ్ళు రండీ!"

ఉలిక్కిపడి లేచాను. కేకేసింది కండక్టరు. షెల్టరు ఉండాల్సిన చోట కంకర గుట్ట ఉంది. అయినా బస్సు ఆగింది. నాతో పాటు ఒక ముసలావిడ దిగింది. చూస్తే రత్నం వాళ్ళమ్మ, మరియమ్మగారు! చిక్కిపోయావేంటి బాబూ అంటూ చెయ్యి పట్టుకుంది. ఎక్కడి నుంచి వస్తున్నారంటే, వెనక స్టాపు దాకా నడిచి వెళ్ళి బస్సెక్కానంది. ఎందుకలా అన్నాను.

"ఇంట్లో వాడి పేరెవరూ ఎత్తరు బాబూ, నేను ఏడుస్తానని. బస్సులో అయితే గట్టిగా పిలుస్తారు. షెల్టరు పడగొట్టాక, ఇంక పిలవరేమోనని భయమేసింది. పిలుస్తున్నారు."

ఏడ్చింది నేనే. ఆవిడ నా వీపు నిమిరింది.

ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసుతో అన్నం పెట్టింది. చిన్న కొడుకూ కోడలూ వానల గురించీ, చెరువుల గురించీ ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. నిజమే, ఒక్కరూ వాడి పేరెత్తలేదు. నాకూ నోరు రాలేదు.

మధ్యాహ్నం తిరుగు బస్సు దాకా మరియమ్మగారు సాగనంపడానికొచ్చింది. మంచు విడిపోయి నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. బస్సింకా కదల్లేదు. కండక్టరు టికెట్ మిషన్లోంచి తలెత్తకుండానే, ఎక్కడెక్కారండీ అని అడిగాడు.

కింద నిలబడ్డ ఆవిడకి వినపడేలా కిటికీ వైపు తిరిగి, గొంతెత్తి చెప్పాను.

"రత్నం!"