ట్రంకు కాల్ అత్త

మొన్న ఆదివారం పొద్దున్న బిలాస్‌పూర్ నుంచి ఫోను వచ్చింది. "అక్కా, నీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు అత్త కొడుకు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఊరికే అడగరు. అత్త పోయింది.

మాకు చుట్టరికం లేదు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. ప్రభుత్వ టెలిఫోను ఎక్స్ఛేంజిలో దూరపు ఊళ్లకి ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం. ఆ రోజుల్లో ఛార్జీకి జడిసి, చావో ఆస్పత్రో అయితే తప్ప ఎవరూ కాల్ బుక్ చేసేవారు కాదు. అందుకే ఫోను మోగిందంటే మా క్వార్టర్ల వరసంతా గుండె చిక్కబట్టుకునేది. కబురు చెడ్డదని ముందే తెలిస్తే, అవతలి మనిషి ఒంటరిగా ఉండగా అత్త కలిపేది కాదు. "ఎవర్నైనా పిలుచుకోండి, ఆగుతాను" అనేది.

నాకు పదేళ్లప్పుడు అమ్మ పురిటికి పుట్టిల్లు సోంపేట వెళ్లింది. రైలు గార్డుగా పనిచేసే నాన్న డ్యూటీ మీద వెళ్లి ఇంకా రాలేదు. తుఫాను సోంపేట వైపు వస్తోందని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత అక్కడి ఫోను లైన్లు తెగిపోయాయి. అత్త నన్ను వెంటబెట్టుకుని డ్యూటీకి వెళ్లి, గది బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. అన్నిటికన్నా ముందు కలిపే లైట్నింగ్ కాల్ తన పేరు మీద బుక్ చేసింది. దానికి మామూలు కాల్‌కన్నా ఎన్నో రెట్లు ఛార్జీ. తలుపు సందులోంచి ఆవిడ గొంతు వినబడేది. "హలో విశాఖపట్నం, సోంపేట ఏటైంది? అచ్ఛా... మళ్లీ చూడండి." అచ్ఛా అన్నప్పుడల్లా నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లేదాన్ని. అత్తకీ భయమే.

రెండో రోజు మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుంది.

"సోంపేట లైను కలిసింది, పోస్టుమాస్టరు దొరికాడు. మీయమ్మ బాగుంది. బడి మేడ మీదున్నారట. తమ్ముడు పుట్టాడు."

ఆవిడ మొహం చూస్తే ఇంకా ఏదో ఉందనిపించింది. "ఇంకేటత్తా?" అన్నాను.

"గోడ పడిపోయిందమ్మా. అమ్మమ్మ నేదు."

పిల్లనని దాచలేదు. లోపల బోర్డు మీద కాల్స్ దీపాలు వెలుగుతున్నా, నా ఏడుపు ఆగేదాకా లేవలేదు.

కొన్నేళ్లకి, ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా డయల్ చేసే కొత్త ఎక్స్ఛేంజి వస్తోందన్నారు. దాని పరిశోధనకి ప్రభుత్వం పెట్టే ఖర్చంతా దండగ, ఆ డబ్బుతో కాల్ ఛార్జీలు తగ్గించవచ్చు కదా అని నాన్న వాదించేవాడు. ఆపరేటరు సీటు పోతుందని అత్తకి లోపల దిగులుండేది. అన్నం కూడా సరిగ్గా తినేది కాదు. అయినా నాన్న మాట ఒప్పుకునేది కాదు.

"దండగెందుకవుతాదన్నయ్యా? ఈ పిల్ల రెండ్రోజులు బెంచీ మీద కూకుంది. ఇంకో పిల్ల అలా కూకోకూడదు."

కొత్తది వచ్చింది. అత్తను ఫిర్యాదులు రాసుకునే గదికి మార్చారు.

పోయిన దసరాకి బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో ఉన్న ఆవిడ్ని చూడబోయాను. చెవులు పూర్తిగా పోయాయి. ఇదే ఆఖరిసారేమోనన్న భయంతో మంచం పక్కన కూర్చుని, ఎలా చెప్పాలో తెలియక ఊరికే పెదవులు కదిపాను. ఆవిడ అరచెయ్యి నా గొంతు మీద ఆనించింది.

"ఇప్పుడు సెప్పు."

ఏం చెప్పానో గుర్తు లేదు. మధ్యలో మాట రాక ఆగిపోయాను. అత్త మాత్రం కళ్లు మూసుకుని, చెయ్యి అలాగే ఉంచి, వింటూనే ఉంది.